తెల్లచీర మీద తెల్లపూలు

తెనాలిలో నాగూర్ బాషా స్టూడియోకి వెళ్లినవాళ్లు రుక్సార్‌ని చూసి ఉండరు. రుక్సార్ మాత్రం వాళ్లందరినీ చూసింది. ముక్కు మీది చెమటచుక్కతో సహా, అంగుళం అంగుళం చూసింది. స్టూడియోలో ముందుగది, దాని వెనక ఆకుపచ్చ కర్టెన్, కర్టెన్ వెనక కంప్యూటర్, కంప్యూటర్ ముందు రుక్సార్. ముందుగదిలో మేనమామ ఫోటోలు తీసేవాడు. వెనకగదిలో ఆమె మొహాల మీద మచ్చలు తుడిచేది, మాసిన చొక్కాల మీద కోట్లు తొడిగేది, రెప్ప వేసిన పెళ్లికొడుక్కి ఇంకో ఫోటోలోంచి కళ్లు తెచ్చి పెట్టేది.

ఆమెది బాపట్ల. డిగ్రీ అయిపోయాక, నలుగురిలో నోరు విప్పని ఈ పిల్లని ఏం చెయ్యాలా అని తల్లి రసూల్‌బీ బెంగపడుతుంటే, తమ్ముడు నాగూర్ బాషా, "నా దగ్గరికి పంపు ఆపా, నా కంప్యూటర్ కూడా మాట్లాడదు. ఇద్దరికీ బాగా కుదురుద్ది" అన్నాడు. నిజంగానే కుదిరింది. ఫోటోషాప్ నేర్పే సెంటర్‌లో మూడునెలల కోర్సు చేసి, మిగతాది తనంతట తానే తవ్వుకుంటూ నేర్చుకుంది.

చిక్కల్లా బయటికి వెళ్లినప్పుడే. ఒకసారి కూరగాయల మార్కెట్లో ఒకావిడ గడ్డం మీద మచ్చ చూసి రుక్సార్ నిలబడిపోయింది. రెండు రోజుల కిందట తను శుభ్రంగా తుడిచేసిన మచ్చ మళ్లీ అక్కడే ఉంది! "ఏంటమ్మాయ్ అట్టా చూస్తున్నావ్? ఎక్కడన్నా కలిశామా?" అందావిడ. కలిశాం, మీకు తెలియకుండా కలిశాం అని ఎలా చెబుతుంది? అవసరం లేకపోయినా అరకిలో బెండకాయలు కొనుక్కుని వచ్చేసింది.

నాగూర్ బాషాకి ఒక సిద్ధాంతం ఉండేది. "మనిషిని ఉన్నట్టు తీస్తే ఆ మనిషి మళ్లీ రాడు" అనేవాడు. అందుకని ప్రతి ఫోటోలోనూ వెలుతురు కాస్త ఎక్కువ పట్టించేవాడు. మొహాలు తెల్లగా వచ్చేవి, జనం సంతోషపడేవారు. ఎరుపూ పసుపూ చీరలు ఆ ఎక్కువ వెలుతురుని ఎలాగో తట్టుకునేవి. తెల్లబట్టతోనే కష్టం. అది ముందే తెల్లగా ఉంటుంది కాబట్టి దాని మీద మడతా, అంచూ, కుట్టూ అన్నీ కొట్టుకుపోతాయి. ఫోటో తీసేవాళ్లు దాన్ని కాలిపోవడం అంటారు. ఈ సంగతి రుక్సార్‌కి కంప్యూటర్ మీద అర్థమైంది. నల్లగా పడ్డచోట తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది. కాలిన తెలుపులో ఎంత తవ్వినా ఏమీ దొరకదు.

రెండువేల ఏడు వేసవిలో ఒక సాయంత్రం, నాగూర్ బాషా మిరపకాయ బజ్జీలు తింటుండగా ప్రేమకుమారి టీచర్ వచ్చింది. ఆవిడ బాపట్లలో పనిచేస్తుంది. వాళ్ల బడి గ్రూప్ ఫోటోలు ఏటా నాగూర్ బాషానే తీస్తాడు. ఆవిడ చిన్నకూతురు సుజన పెళ్లి రేపల్లెలో, పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో.

"బాషా గారూ, ఒకటి చూపిస్తాను. ముందు చెయ్యి కడుక్కోండి" అంది.

అతను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద తెల్ల పట్టుచీర పరిచి ఉంది.

"బాగుందండీ టీచర్ గారూ. ప్లెయిన్‌గా, హుందాగా ఉంది."

"ప్లెయినా! కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి చూడండి."

కర్టెన్ సందులోంచి రుక్సార్ కూడా చూసింది. తెల్ల పట్టు మీద తెల్ల పట్టుదారంతో కొంగు నిండా ద్రాక్షతీగలు, కుచ్చిళ్ల దగ్గర లిల్లీలు. నేరుగా చూస్తే ఏమీ లేదు. చీర కాస్త కదిలితే చాలు, తీగ పాకినట్టు కనిపిస్తోంది.

"ఏడాదిగా, బడి నుంచి వచ్చాక కూర్చుని కుట్టానండీ" అంది ప్రేమకుమారి. "పెద్దమ్మాయి పెళ్లికీ ఇట్టానే కుట్టా. ఆల్బమ్ చూస్తే పిల్లకి కాగితం చుట్టినట్టుంది. మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది, పెళ్లికూతురికి కాస్త పనితనం ఉన్న చీరైనా కొనలేకపోయావా వదినా అని. చీర సుజనతో పోద్ది. నాకు మిగిలేది ఫోటోనేగా. ఈ పూలు కనపడాలి. కనపడతాయా?"

"దానికేముందండీ!" అన్నాడు నాగూర్ బాషా. పొట్టివాడు పొడుగ్గా రావాలన్నా, ముసలాయన పడుచుగా రావాలన్నా అతను ఇదే గొంతుతో ఇదే మాట అంటాడు. ఆ గొంతు రుక్సార్‌కి బాగా తెలుసు. ఈసారి ఎందుకో ఊరుకోలేకపోయింది.

"కనపడతాయండీ" అని కర్టెన్ వెనకనుంచి వినిపించింది.

"ఎవరదీ?"

"మా మేనకోడలండీ. మాట్లాడదు."

"ఇప్పుడు మాట్లాడిందిగా!" ప్రేమకుమారి చటుక్కున కర్టెన్ పక్కకి లాగింది. "నువ్వు చూసుకుంటావా అమ్మా?"

రుక్సార్ తలూపింది. ఆవిడ వెళ్లిపోయాక గానీ మాట ఇచ్చేశానని తెలిసిరాలేదు.

పెళ్లికి బయల్దేరే రోజు పొద్దున మామూ వెంటపడి చెప్పింది. "చీర కాలకుండా చూడు మామూ. వెలుతురు కాస్త తగ్గించి తియ్యి. మొహాలు నేను చూసుకుంటాగా."

"నాకే నేర్పుతున్నావా? నీ వయసప్పుడు నేను చీకటిగదిలో వాసన చూసి ఫోటోలు కడిగేవాణ్ణి" అంటూ కొత్త డిజిటల్ కెమెరా సంచి భుజానికి తగిలించుకుని రేపల్లె ప్యాసింజర్ ఎక్కాడు.

మర్నాడు హుషారుగా వచ్చాడు.

"ఎట్టా వచ్చాయి మామూ?"

"పాలల్లో ముంచి తీసినట్టొచ్చాయనుకో!"

రుక్సార్ కెమెరాలోంచి మెమరీ కార్డు లాగింది. కార్డు కంప్యూటర్‌కి పెట్టి చూసింది. సుజన మొహం ఉంది, పువ్వుల గుత్తి ఉంది, గ్లవ్స్ తొడిగిన చేతులు ఉన్నాయి. మధ్యలో పెళ్లికూతురు లేదు. ఖాళీ. ఎలా తగ్గించినా, ఎంత లాగినా ఆ ఖాళీలోంచి ఒక్క దారప్పోగు రాలేదు.

అప్పుడు ఇంకొకటి కనిపించింది. ఫోటోల నంబర్లు వరసగా లేవు. ప్రతి మూడింటిలో మధ్యది మాయమైంది.

"మామూ, మధ్యలోవి ఏవి?"

"అవా? ఫ్లాష్ సరిగ్గా చార్జి కాలేదే. మూడింటికొకటి నల్లగా పడింది. భోజనాలకి ఇంకా టైముంటే ఒక మూల కూర్చుని అన్నీ చెరిపేశా. నల్లమొహాలు కస్టమర్ కంటపడితే ఇంకేమన్నా ఉందా?"

"మరి తెల్లగా పోయినవి?"

"అవి తెల్లగా *వచ్చినవి*. అవి ఎవరన్నా చెరుపుతారా?"

రుక్సార్ కెమెరా అందుకుని తిప్పి చూసింది. అనుకున్నంతా అయింది. ఈ కెమెరాకి ఒక గుణం ఉంది. ఒక బటన్ నొక్కి చక్రం తిప్పి పెడితే, వరసగా మూడు క్లిక్కుల్లో ఒకటి మామూలుగా, ఒకటి నల్లగా, ఒకటి బాగా తెల్లగా తీస్తుంది. నచ్చింది ఏరుకోవచ్చు, లేదా మూడింటిలోని మంచినీ కలిపి ఒకటి చేసుకోవచ్చు. మామూకేమో రీళ్ల కాలం నుంచీ ప్రతి పోజూ మూడుసార్లు నొక్కే అలవాటు. ఒకటి పెళ్లివాళ్లకి, ఒకటి రెప్పలేసేవాళ్లకి, ఒకటి నా అదృష్టానికి అంటాడు.

"ఇది ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ముట్టుకోనిదెవరు? కొత్త కెమెరా అని పెళ్లివాళ్లంతా చేతులు మార్చుకుని మరీ చూశారు. పాస్టర్ గారు కూడా ఏదో తిప్పి చూశారు." అప్పుడు అతనికి అనుమానం వచ్చింది. "ఏం? ఆ నల్లవాటిలో ఏముందంటావ్?"

"చీర ఉంది మామూ. మొహాలు సరిగ్గా ఉండవు. పూలన్నీ ఉంటాయి. మూడూ కావాలి నాకు, కలపడానికి."

నాగూర్ బాషా టీ తెప్పించుకున్నాడు. గ్లాసు మీద మీగడ కట్టేదాకా దాని వంక చూడలేదు.

చెరిపేసినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి రుక్సార్ ప్రయత్నించింది. చెరిపేశాక భోజనాల దగ్గర తీసిన ఫోటోలు, పెళ్లికూతురు లేనివి, కార్డులో సరిగ్గా ఆ ఖాళీల్లోనే వచ్చి కూర్చున్నాయి. పప్పన్నం విస్తళ్లూ, నవ్వుతున్న బావగార్లూ తప్ప ఏమీ రాలేదు.

ఇక ఒకటే దారి. సుజనకి ఆ చీర మళ్లీ కట్టించి రెండు ఫోటోలు తీసుకోవడం. "ఫోన్ చెయ్యి మామూ" అంటే ఇవాళ, రేపు అంటూ వచ్చాడు. ఫోటో మళ్లీ తీస్తానని అడగడం అతనికి చిన్నతనం. పది రోజులు గడిచాక, మేనకోడలు అన్నం దగ్గర కూడా మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాక, రేపల్లెకి ఫోన్ కలిపాడు. పెళ్లికొడుకు తల్లి మాణిక్యాంబ ఎత్తింది. ఆవిడ గొంతుకి ఫోన్ అక్కర్లేదు. రుక్సార్ కర్టెన్ వెనకనుంచే అంతా వింది.

"ఆ తెల్లచీరాండీ? డైయింగ్‌కిచ్చేశాంగా!"

"అప్పుడేనా అండీ?"

"పెళ్లయ్యాక తెల్లచీర ఏం చేసుకుంటదండీ పిల్ల? మా ఇళ్లల్లో అందరం రంగేయించుకుని కట్టుకుంటాం. నాది వంకాయ రంగు, మా పెద్దకోడలిది చిలకపచ్చ. సుజనకి మెరూన్ వేయించాం. బ్రహ్మాండంగా వచ్చిందనుకోండి! కాకపోతే ఆ కుట్టు దారాలే, వేడినీళ్లకి ముడుచుకుని ముళ్లల్లే లేచాయి. అన్నీ కత్తిరించి పీకించేశా. ఇప్పుడు నున్నగా ఉంది."

"టీచర్ గారికి తెలుసాండీ?"

"చెప్పాంగా. ఏమీ అన్లా. సరేలేండి అంది."

నాగూర్ బాషా ఫోన్ పెట్టేసి చాలాసేపు బల్ల తుడిచాడు. అది ముందే శుభ్రంగా ఉంది. తర్వాత కర్టెన్ అవతలనుంచే, "మూడు కావాలన్నావుగా? తెలుపూ, నలుపూ, మామూలుదీ?" అన్నాడు.

"కావాలన్నా. ఉంటేగా?"

"సాగనంపేటప్పుడు ఒక పోజు తీశానే. తల్లీకూతుళ్లని, చర్చి మెట్ల మీద. పెద్ద కార్డు నిండిపోతే చిన్న కార్డు పెట్టా. ఆ ఒక్క పోజుకే బ్యాటరీ అయిపోయింది. అన్నం తిన్నాక కదా, ఇక చెరిపే ఓపిక లేక వదిలేశా."

"ఆ కార్డేది మామూ?"

అది వెతకడానికి స్టూడియో అంతా తిరగేశారు. కెమెరా సంచి, చొక్కాల జేబులు, గల్లా డ్రాయరు. చివరికి అతని కళ్లజోడు డబ్బాలో, తుడుచుకునే గుడ్డ కింద దొరికింది.

మూడు ఫోటోలు. మొదటిదాంట్లో తల్లీ కూతురూ బుద్ధిగా కెమెరా వైపు చూస్తున్నారు. మొహాలు చక్కగా ఉన్నాయి, చీర కాలిపోయింది. మూడోది రెండు పిండిబొమ్మలు. రెండోది నల్లగా ఉంది. మొదటి క్లిక్‌తో ఫోటో అయిపోయిందనుకుందేమో, ప్రేమకుమారి ఒక అడుగు దగ్గరికి జరిగి కూతురి భుజం మీద కొంగు సర్దుతోంది. మొహాలు మసకల్లో ఉన్నాయి. చీర మీద మాత్రం ప్రతి తీగా, ప్రతి ఆకూ, ద్రాక్షగుత్తిలో ప్రతి పండూ ఉంది.

రుక్సార్ ఆ నల్లఫోటోని పెద్దది చేసి చూస్తూ ఉండిపోయింది. కుర్చీ వెనక మామూ నిలబడి, "అరె, ఇంత పని ఉందా దీని మీద!" అన్నాడు. పెళ్లిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చీర ముందే తిరిగిన మనిషి.

మామూలు ఫోటో మీద నల్లఫోటోని దుప్పటి మీద దుప్పటిలా పరిచింది. పై దుప్పటిని పూర్తిగా కనపడకుండా చేసి, చీర ఉన్నంతమేరా కంప్యూటర్ కుంచెతో కొద్దికొద్దిగా తెరుచుకుంటూ వచ్చింది. ఎక్కడ తెరిస్తే అక్కడ పూలు. మధ్యాహ్నానికి చీరంతా పూసింది. సంబరంగా మామూని పిలిచింది.

"ఏంటే ఇది? పిల్ల బూడిదలో దొర్లినట్టుంది!"

నిజమే. పూలు వచ్చాయి కానీ తెలుపు పోయింది. ఎండలో మెట్ల మీద నిలబడ్డ పెళ్లికూతురు ఉతకని చీర కట్టుకున్నట్టుంది. మొహం మీద ఒక వేళ, చీర మీద ఇంకో వేళ. మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మరీ భయపడి, పూలు ఉన్నాయో లేవో తెలియనంతగా వేసింది. అదీ తీసేసింది.

మూడో రోజున కుంచె పక్కన పెట్టి, తన నమాజు దుపట్టా తీసి కిటికీకి ఆరేసింది. తెల్ల నూలు మీద తెల్ల కుట్టు, అమ్మ కుట్టిచ్చింది. ఎదురుగా కూర్చుని తెలుపు ఎలా ఉంటుందో చూసింది. చూస్తుంటే తెల్లదుపట్టాలో తెలుపు చాలా తక్కువని తేలింది. ఎండ నేరుగా తగిలే మడత వీపు మీదా, కుట్టు ఉబ్బిన చోటా మాత్రమే నిఖార్సయిన తెలుపు. మిగతాదంతా పాలరంగు, కొంచెం నీలం, గోడ వైపు కొంచెం పసుపు.

మామూ తొంగిచూసి, "ఏంటి, దుపట్టాకి పాస్‌పోర్ట్ ఫోటో తీస్తున్నావా?" అని పోయాడు.

ఈసారి చీరంతా ఒకేలా తెరవలేదు. ఎండ తగిలిన మడతల్ని అలాగే మెరవనిచ్చింది. లోపలి మడతల్లో నల్లఫోటోని సగం సగం కలిపింది. పూల దగ్గర మాత్రం ఇంకాస్త. చెయ్యీ చీరా కలిసేచోట తెల్లటి గీత ఒకటి దెయ్యంలా వెంటపడితే దాన్ని ఓపిగ్గా చెరిపింది. చివరికి చీర ఎండలో ఉంది, తెల్లగా ఉంది, దాని మీద పూలున్నాయి.

ఇంకొక్క చిక్కు మిగిలింది.

"మామూ, టీచరమ్మకి మూడు చేతులొచ్చాయి."

"పిల్లల్ని పెంచి, బళ్లో పాఠాలు చెప్పి, ఇంత చీర కుట్టిందంటే ఆ మాత్రం ఉండాలిలే" అంటూ వచ్చి చూశాడు. మామూలు ఫోటోలో ఆవిడ కుడిచెయ్యి పక్కకి వేలాడుతోంది. నల్లఫోటోలోంచి భుజం మీది కొంగు తెచ్చేసరికి దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా వచ్చింది. "భుజం మీది చెయ్యి తీసెయ్. అది అడ్డం."

తీసి చూసింది. చెయ్యి ఉన్నచోట చీరకి తెల్లటి రంధ్రం పడింది. ఆ చేతి కింద ఉన్న తీగ ఏ ఫోటోలోనూ లేదు. పక్క నుంచి ఒక ఆకు తెచ్చి అతికించవచ్చు. రోజూ చేసే పనే. కానీ ఆవిడ కుట్టని ఆకుని ఆవిడ చీర మీద పెట్టడానికి రుక్సార్‌కి చెయ్యి రాలేదు. ఆలోచించి వేలాడే చెయ్యిని తీసేసి, కొంగు మీది చెయ్యిని మోచేతి పైదాకా తెచ్చి, వెలుతురు పెంచి అతికించింది. అక్కడ రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు కాస్త తేలాయి. తేలితే తేలనీ అనుకుంది.

బాపట్ల నుంచి ప్రేమకుమారి వచ్చిన రోజు ముసురు పట్టి ఉంది. గొడుగు మూల పెట్టి కూర్చుని, "వచ్చినకాడికి ఇవ్వండి బాషా గారూ. నాకు తెలిసిందేగా" అంది. కోపంగా అనలేదు. కోపంగా ఉంటే నాగూర్ బాషాకి ఎలా మాట్లాడాలో తెలుసు. ఇప్పుడు పెద్ద సైజు ప్రింటు తీసి ఆవిడ ముందు పెట్టి వెనక్కి జరిగాడు.

కర్టెన్ సందులోంచి రుక్సార్ చూస్తోంది. ప్రేమకుమారి కూతురి మొహం వంక చూడలేదు. తన మొహం వంకా చూడలేదు. దూరం కళ్లజోడు తీసి దగ్గరి కళ్లజోడు పెట్టుకుంది. కుచ్చిళ్ల దగ్గర లిల్లీ మీద వేలు పెట్టి, అక్కడినుంచి నడుము మీదికి, కొంగు మీదికి, ఫోటోకి తగలకుండా తీగ వెంట వేలు పోనిచ్చింది. ఒకచోట ఆగింది.

"ఇదిగో!" అంది గట్టిగా. "దొరికింది. ఈ ఆకు తల్లకిందులుగా ఉంది, చూశారా? కరెంటు పోయింది ఆ పూట. కొవ్వొత్తి వెలుగులో కుట్టేశా. పొద్దున చూసుకుంటే ఇట్టా ఉంది. విప్పుదామంటే పట్టు పాడవుద్దని వదిలేశా. ఎవరికీ చెప్పలేదు."

"అయ్యో, దానికేముందండీ!" నాగూర్ బాషాకి ప్రాణం లేచొచ్చింది. ఇది అతనికి తెలిసిన పని. "ఒక్క నిమిషం కూర్చోండి. మా అమ్మాయి ఆకు తిప్పేస్తుంది."

"వద్దు!" అన్నారు ఇద్దరు.

ఒక గొంతు ప్రేమకుమారిది. రెండోది కర్టెన్ ఇవతలికి వచ్చేసిన రుక్సార్‌ది. వచ్చేశాక, కస్టమర్ ఎదురుగా పట్టపగలు నిలబడి ఉన్నానని ఆమెకి తెలిసింది. వెనక్కి వెళ్లడమా మానడమా తెలియక అక్కడే నిలబడింది.

ప్రేమకుమారి ఆమెని చూసి, మళ్లీ ఫోటో చూసి, "మరి నేనెప్పుడు పట్టుకున్నానమ్మా కొంగు ఇట్టా?" అంది.

"రెండో క్లిక్‌లో పట్టుకున్నారండీ. ఫోటో అయిపోయిందనుకున్నారు మీరు."

"అవును. జారిపోతుందని సర్దా." ఆవిడ కళ్లజోడు తీసి పమిటచెంగుతో తుడిచింది. తుడిచాక కూడా వెంటనే పెట్టుకోలేదు. "ఈ ఆకు సంగతి నీకు ముందే కనపడిందా?"

"కనపడిందండీ."

"ఊరుకున్నావు."

ప్రేమకుమారి రుక్సార్ చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. కస్టమర్లు కూర్చునే ఆ కుర్చీలో రుక్సార్ కూర్చోవడం అదే మొదలు.

"ఇంకో కాపీ కావాలండీ బాషా గారూ" అంది ప్రేమకుమారి. "ఇంతే పెద్దది."

"వియ్యపురాలు గారికా అండీ?" అన్నాడు అతను, నవ్వు ఆపుకుంటూ.

"ఆవిడకొద్దు. చూస్తే బాధపడుద్ది పాపం, మంచి చేశాననుకుంటోంది. మెరూన్ కూడా పిల్లకి బాగానే నప్పింది." ఫోటోని కవర్లో పెట్టుకుంటూ ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఆడపడుచుకి."

రుక్సార్ లేచి ప్రింటు పెట్టడానికి లోపలికి వెళ్లింది. కర్టెన్ వెయ్యడం మర్చిపోయింది.